కొసరు అడిగి ఇరుక్కున్నాను
జర్మనీలో చదువుకునేటప్పుడు గది అద్దె బేరమాడి తగ్గించాను. అంతటితో ఊరుకోవాలి కదా? నల్లమాడలో మా నాయన అంగడిలో పెరిగినవాణ్ణి. బేరం కుదిరాక కొసరు అడగకపోతే ముద్ద దిగదు. ఇంటావిడ నవ్వి, తన ఓవెన్ వాడుకోమంది. బదులుగా ప్రతి శనివారం ఇంటిల్లిపాదికీ బ్రెడ్ చేసిపెట్టాలంది. గెలిచాననుకుని తలూపాను.

వేసవిలో తోటి విద్యార్థులు సముద్రం చూడటానికి బయలుదేరింది శనివారమే. నేను పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. పిండి పిసకాలి, పొంగాలి, కాల్చాలి. పొద్దంతా ఇల్లు కదలడానికి లేదు. తప్పించుకునే దారి చెప్పమని నాయనకు ఫోన్ చేశాను.

"కొసరు అడిగిందెవురు, నువ్వా, ఆయమ్మా?"

"నేనే నాయనా."

"ఇంగేం మాట్లాడతావప్పా? మన అంగడి పేరు ఆడ చెడగొట్టొద్దు. పోయి రొట్టె కాల్చు."

కిటికీ కింద వాళ్ల బస్సు కదిలింది. చెయ్యి ఊపుదామన్నా మోచేతుల దాకా పిండే.