స్టూలు విరగక ముందు ఆరు నిమిషాలు

మొన్న ఆదివారం బాపట్లలో అక్క వాళ్లింట్లో భోజనాలయ్యాక మేనకోడలు సెల్‌ఫోను తెచ్చి నా ముందు పెట్టి, మావయ్యా, ఈ పడేది తాతయ్యే కదూ అని అడిగింది. ఎవరో మహానుభావుడు పాత టీవీ ప్రోగ్రాములన్నీ ఫోనుల్లోకి ఎక్కిస్తున్నాడట, అందులో పది సెకన్ల ముక్క. లాల్చీ వేసుకున్న ఒకాయన స్టూలు మీద కూర్చోబోవడం, దాని కాలు విరగడం, ఆయన వెల్లకిలా పడటం, వెనక నుంచి ఎవరెవరివో నవ్వులు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, కానీ ఇన్నేళ్లయినా ఆ ముక్క నాకు ఉత్త నవ్వులాటలా అనిపించదు, ఎందుకో కేబుల్ వచ్చిన కొత్తరోజులు ఎరిగిన మీలాంటివాళ్లకు చెబితేనే అర్థమవుతుంది.

అప్పట్లో నేను తెనాలిలో ఒక వీడియో స్టూడియోలో పనిచేస్తూ పెళ్లిళ్లు తీసేవాణ్ణి. నాన్న దర్జీ, పగలంతా మిషను, సాయంత్రాలు నాటకాల రిహార్సళ్లు, వేసేది ఎప్పుడూ హాస్యవేషమే. ఇంట్లోనైతే వచ్చిపోయిన వాళ్లందరినీ అచ్చం వాళ్లలాగే చేసి చూపించేవారు. అక్కకు రేపల్లె సంబంధం కుదిరింది. వియ్యంకుడు గారిది బట్టల వ్యాపారం, పుట్టి పెరిగింది చీరాల మగ్గాల మధ్య, అందుకని ఏ వస్తువు చేతికొచ్చినా రెండువేళ్ల మధ్య పెట్టి రుద్ది, వెలుతురుకెత్తి చూసి, "సరుకు మంచిదేనండి, కాకపోతే..." అని ఆగేవారు. ఆ కాకపోతే తర్వాత ఏముందో ఎవరికీ చెప్పేవారు కాదు. తాంబూలాల రోజు అరిటాకునీ అలాగే రుద్దారు, గారెనీ అలాగే రుద్దారు.

వాళ్లు బండెక్కారో లేదో నాన్న మొదలెట్టారు. అరిటాకు, గారె, అమ్మ చీర కొంగు, ఒక్కోదాన్నీ రుద్ది ఎత్తి చూసి, గొంతు కూడా ఆయనదే, చివరికి స్టూలు కాలు పట్టుకుని "కర్ర మంచిదేనండి, కాకపోతే..." అంటూ కూర్చోబోయారు. ఆ కాకపోతే ఏంటో స్టూలే చెప్పింది. తాంబూలాలు తీసిన కెమెరా ఇంకా నా భుజం మీదే ఉంది, కొత్త క్యాసెట్టు పెట్టి ఆరు నిమిషాలూ తీశాను.

జనం ఇళ్లలో తీసుకున్న తమాషాలు వేసే కార్యక్రమం ఒకటి అప్పుడు ఆదివారం పొద్దున వచ్చేది. పాతికేళ్లుగా వేషాలేస్తున్నా నాన్న తెనాలి దాటి ఎవరికీ తెలియరు, ఒక్కసారి టీవీలో కనబడితే ఎంత సంతోషిస్తారో అన్న ఆశతో ఎవరినీ అడక్కుండా పంపేశాను. పోనీ కాపీ పంపానా అంటే, కాపీలో బొమ్మ మసకబారుతుందని అసలుదే పంపాను. కాపీ తీయకుండా క్యాసెట్టు చేయి దాటనివ్వకండి అని ఊరందరికీ చెప్పే పెద్దమనిషిని నేనే.

ఫలానా ఆదివారం వేస్తామని ఉత్తరం వచ్చింది. అక్క పెళ్లికి ఇక పన్నెండు రోజులు. నాన్నేమో నాటకంలో వేషం పంపాననుకుని, సంబరం పట్టలేక నాకు చెప్పకుండానే ఎస్టీడీ బూత్‌కి వెళ్లి వియ్యంకుడు గారికి ఫోను చేశారు. ఆయన మరీ మర్యాదస్తుడు, చూడటమేంటండీ, మీ ఇంటికే వచ్చి మీ పక్కన కూర్చుని చూస్తానన్నారట.

వియ్యాలవారి మర్యాదంటే ఏంటో మన తరానికి చెప్పనక్కర్లేదు, విస్తరి ముందు వేశారు వెనక వేశారు అని తాంబూలాలు వెనక్కిచ్చిన వాళ్లని నేనే ఎరుగుదును. అలాంటిది మగపెళ్లివారి పెద్దని వెక్కిరిస్తే, అదీ టీవీలో, అదీ ఆయన కళ్లముందే! కక్కలేక మింగలేక శనివారం దాకా తిరిగి చివరికి నాన్నకి చెప్పాను. ఆయన చేతిలో కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. "కోరి కొరివితో తల గోక్కున్నట్టయిందిరా" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది. కేబుల్ అతన్ని బతిమాలి ఆ అరగంటా వైరు పీకిద్దామంటే, వద్దు, ఆయన చూశాక నేనే చేతులు పట్టుకుని అడుగుతానన్నారు. సంగతి తెలియని అక్క మామగారికి ఇష్టమని పెసరట్లకి నానబోసింది.

వియ్యంకుడు గారు రేపల్లె బండి దిగి వచ్చి టీవీ ముందు కుర్చీలో కూర్చున్నారు. నాన్న కూర్చోలేక గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఒక్కో వీడియో అయిపోతుంటే తర్వాతది మాది కాకూడదని మొక్కుకుంటూ కూర్చున్నాను. ఆఖరికి మా ఇల్లు కనబడింది. కూర్చోబోవడం, విరగడం, పడటం, నవ్వులు, అయిపోయింది. అరిటాకు లేదు, గారె లేదు, ఆ కాకపోతే కూడా లేదు. వియ్యంకుడు గారు గాభరాగా లేచి, "అయ్యో బావగారూ, నడుముకేం కాలేదు కదండీ?" అని నాన్న చెయ్యి పట్టుకున్నారు. తర్వాత మూలనున్న స్టూలు దగ్గరికెళ్లి అతికించిన కాలు రుద్ది, కర్ర మంచిదేనండి, కాకపోతే, అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది.

గండం గడిచిందని నాకు ఎగిరి గంతేయాలనిపించి నాన్న వైపు తిరిగాను. ఆయన ఇంకా టీవీ వంకే చూస్తున్నారు. "మిగతాదేదిరా?" అన్నారు, నాకు మాత్రమే వినబడేట్టు.

అక్క పెళ్లి ఏ లోటూ లేకుండా జరిగింది. క్యాసెట్టు కోసం ఎన్ని ఉత్తరాలు రాసినా తిరిగి రాలేదు. నాన్న మళ్లీ ఎవరినీ అనుకరించలేదు, అడిగితే, నాకొచ్చింది పడటమొక్కటేగా, అది లోకమంతా చూసింది అనేవారు. నాన్నా పోయారు, ఆ వెనకే వియ్యంకుడు గారూ పోయారు.

మొన్న ఆ నవ్వులన్నీ సద్దుమణిగాక బావ నన్ను వరండాలోకి తీసుకెళ్లి, "బావా, నీ పాత క్యాసెట్లలో మా నాన్న గొంతు ఎక్కడన్నా ఉందేమో చూస్తావా? ఫొటోలున్నాయి గానీ మాట లేదు" అన్నాడు. ఇవాళ పసిపిల్లాడు తుమ్మినా ఫోనులో ఉంటోంది. మా రోజుల్లో పెళ్లి క్యాసెట్టంటే మాటలన్నీ చెరిపేసి మీద పాటలు అతికించడమే పనితనం, అక్క తాంబూలాలదీ పెళ్లిదీ నా చేత్తో నేనే అలా చేశాను. ఆయన గొంతు, ఆ వేళ్లు, ఆ కాకపోతే, ఉంటే గింటే నాన్న చేసిన ఆ ఆరు నిమిషాల్లోనే ఉండాలి.

చూస్తాను బావా అన్నాను, లేదని తెలిసీ. ఆ ఆదివారం అది టీవీలో రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు.