సరిచూసే సంతకం ఎవరిది

అసలు పేరు సర్వీసు రిజిస్టరులో ఉంది, జనం నోట్లో మాత్రం లేదు. నీళ్ల సరఫరా స్టేషన్లో పంతొమ్మిదేళ్లుగా పంపు నడుపుతోంది కాబట్టి ఆమె అందరికీ పంపమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. మోటార్ల హోరుకు మించి అరవడం అలవాటైపోయి, ఇంట్లో మంచినీళ్లు అందుకోమన్నా ఎదురింటివాళ్లు ఉలిక్కిపడేవారు. ముక్కుసూటి మనిషి. అలాంటివాళ్లను అందరూ మెచ్చుకుంటారు గానీ పక్క కుర్చీలో కూర్చోబెట్టుకోవడానికి మాత్రం ఇష్టపడరు.

ఆ మధ్యాహ్నం రెండో పంపు మరమ్మతులో ఉంది. సగం ఊరికి నీళ్లు ఒకటో పంపే తోడాలి. మూడు గంటల రీడింగులు రాస్తుంటే హోరులో ఏదో తేడా వినిపించింది. బేరింగు వేడి చూసే థర్మామీటరు పగిలి ఏడాది దాటింది. కొత్తది రావడానికి పై ఆఫీసుకు కాగితం వెళ్లింది, కాగితం వెళ్లినచోటే హాయిగా ఉంది. అందుకని పాత ఆపరేటర్లు నేర్పిన పద్ధతే గతి: బేరింగు మీద అరచెయ్యి ఆనించి అయిదు దాకా లెక్కపెట్టాలి. అయిదు దాకా ఓర్చుకోగలిగితే నడపొచ్చు. పంపమ్మ రెండు దాకా లెక్కపెట్టేసరికే చెయ్యి లాక్కుంది. కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చెయ్యి పెట్టబోతే వేడి దగ్గరకే పోనివ్వలేదు. స్విచ్ ఆపేసింది.

నాలుగు గంటలపాటు సగం ఊరు బకెట్లు పట్టుకుని రోడ్డున పడింది. స్టేషన్ ఇంజనీరు ఫోన్ సాయంత్రం దాకా మోగుతూనే ఉంది. అవతలివాళ్లంతా ఆయన్ని దులిపేశారు, ఆయనకు ఆ దుమ్ము దులుపుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది: అనుమతి లేకుండా పంపు ఆపినందుకు సీనియర్ ఆపరేటరు హోదా తీసేసి రెండేళ్లపాటు హెల్పరుగా వేస్తున్నాం. ఏం జరిగిందని పిలిచి అడిగిన పాపాన పోలేదు. మర్నాటి నుంచి ఆమెకు ఇసుక తొట్టెల పని. నీళ్లు వడపోసే ఇసుకను గొర్రుతో దువ్వి, పైన చేరిన పాకుడు తీసి, గొట్టంతో కడగాలి. ఇచ్చిన రబ్బరు బూట్లు రెండు సైజులు పెద్దవి. నడుస్తుంటే బూట్లు ఒక అడుగు, పంపమ్మ ఒక అడుగు. గోడ అవతల తన పంపు మోగుతుంటే, దాన్ని ఇంకెవరో నడుపుతున్నారని తలుచుకుని గొర్రు ఇంకా గట్టిగా లాగేది.

ఆర్డరు అడుగున ఒక లైనుంది. ముప్పై రోజుల్లో జోనల్ అధికారికి అప్పీలు చేసుకోవచ్చని. పంపమ్మ మూడు రాత్రులు కూర్చుని రాయలేదు, ఒక్క ఆదివారం పొద్దున్నే కూర్చుని రాసేసింది. కాగితానికి రెండువైపులా నింపి జోనల్ ఆఫీసులో ఇచ్చింది. మూడు వారాలకు పిలుపు వచ్చింది. గదిలోకి అడుగుపెట్టి కుర్చీ వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ కుర్చీలో ఉన్నది ఆమెకు శిక్ష వేసిన స్టేషన్ ఇంజనీరే. పాత జోనల్ అధికారి రిటైరవడంతో ఈయనకు ప్రమోషన్ వచ్చింది. శిక్ష వేసిన చేతికే అప్పీలు అందింది.

"రా అమ్మా, కూర్చో," అన్నాడాయన. గొంతులో నిజంగానే దయ ఉంది. "ఆ రోజు నేనూ కొంచెం తొందరపడ్డాను. పోనీలే. పొరపాటైంది, క్షమించమని రెండు లైన్లు రాసివ్వు. ఆర్డరు ఇవాళే కొట్టేస్తాను. సోమవారం నుంచి నీ పంపు నీది."

పంపమ్మ కళ్లముందు పంపుహౌసు కదిలింది. నూనె వాసన, గోడకున్న గడియారం, తన చెక్క స్టూలు. నోరు తెరిస్తే సరేననేస్తానని ఆమెకే భయం వేసింది.

"సార్, నా అప్పీలు చూడాల్సింది మీ పైవాళ్లు కదా," అంది చివరికి.

"రూల్లో ఏముంది? జోనల్ అధికారికి అని ఉంది. జోనల్ అధికారిని నేనే."

"శిక్ష వేసిందీ మీరే."

"అప్పుడు స్టేషన్ ఇంజనీర్ని. ఆ కుర్చీ వేరు, ఈ కుర్చీ వేరు." ఆయన ఆ మాట తమాషాకు అనలేదు. నమ్మే అన్నాడు.

"కుర్చీలు వేరే సార్. కూర్చున్నది మీరే కదా."

ఆయన మొహం ముడుచుకుంది. "చేతికందిన మేలు కాలదన్నుకుంటావా? వెళ్లి ఆలోచించుకో," అన్నాడు.

బయట హెడ్‌క్లర్కు పట్టుకున్నాడు. సర్వీసులో అందరికన్నా పాతవాడు, పంపమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది. "నీకేమైనా పిచ్చా అమ్మాయ్? ఈ ఆఫీసులో ఆర్డరు కొట్టేస్తానన్న అధికారిని నేను పుట్టి బుద్ధెరిగాక చూళ్లేదు. ఆయన రాసిందాన్ని ఆయనే చెరిపేస్తానంటుంటే నీకేం పోయింది?"

"చెరిపేస్తే తప్పు నాదనే కదా బాబాయ్ మిగిలేది. ఆయనది దయ అవుతుంది."

"అవనీ! దయకేమైనా దురద పుడుతుందా?"

ఇంట్లో ఇంతకన్నా పెద్ద గొడవ. అత్తగారు ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి. కోడలి మీద ప్రేమను తిట్ల రూపంలోనే చూపించడం ఆవిడకు అలవాటు. సంగతి వినగానే ఒంటికాలి మీద లేచింది. "పెద్దమనిషి పిలిచి పంపు ఇస్తానంటే వద్దని వచ్చావా? రోజూ ఆ బురద బూట్లు గుమ్మంలో విప్పుతుంటే నాకు కడుపు తరుక్కుపోతోంది. నీ పంతం తగలెయ్య!" అంది. భర్త ఎప్పట్లాగే పేపరు చాటున దాక్కున్నాడు. పంపమ్మ కూరగాయలు తరగడం మొదలుపెట్టింది. ఆమె ఎదురు మాట్లాడకపోవడమే అత్తగారికి కొత్త. కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి పక్కన కూలబడింది.

"నన్నొకసారి క్షమించారు, తెలుసా?" అంది, గొంతు తగ్గించి. "మందుల బీరువా తాళంచెవి పోయింది. నేను తియ్యలేదు. అయినా క్షమించమని రాసెయ్, వదిలేస్తామన్నారు. పిల్లలున్నారు కదాని రాసిచ్చాను. వదిలేశారు. ఆ తర్వాత వార్డులో దువ్వెన పోయినా ముందు నా సంచీయే వెతికారు. దిగిపోయే రోజు దాకా."

పంపమ్మ కత్తి కింద పెట్టింది. ఇన్నేళ్లలో ఆవిడ ఈ మాట ఎవరితోనూ అనలేదు. అత్త చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరికీ ఏడుపొచ్చింది, ఇద్దరూ ఉల్లిపాయల మీదికి నెట్టేశారు.

"నువ్వు రాయకు," అంది అత్త లేస్తూ. "బూట్లు నేను కడుగుతాలే."

ఆ రాత్రే ట్రంకుపెట్టె అడుగునుంచి పాత కాగితం ఒకటి తీసి పంపమ్మ సంచీలో పెట్టుకుంది. మర్నాడు మళ్లీ జోనల్ ఆఫీసుకు వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. ఒకరోజు సార్ మీటింగులో, ఒకరోజు సార్ భోజనంలో, ఒకరోజు సార్ ఉన్నాడు గానీ లేడు. డ్యూటీ దిగాక బురద కాళ్లతోనే బెంచీ మీద కూర్చునేది. ఊడ్చే ఆవిడ విసుక్కోకుండా ఆమె చుట్టూ ఊడ్చుకుంటూ పోయేది. ఆరో రోజు లోపలికి రమ్మన్నారు.

"రాసి తెచ్చావా?" అన్నాడాయన.

పంపమ్మ కాగితం బల్లమీద పెట్టింది. ఆయన చదివి కనుబొమలు ముడివేశాడు. అది క్షమాపణ కాదు. తొమ్మిదేళ్ల కిందట స్టేషన్లో చిన్న ఇంజనీరుగా ఉన్నప్పుడు ఆయనే ఆమెకు ఇచ్చిన మెమో. పంపుహౌసు లాగ్‌బుక్కులో ప్రతి రీడింగుకూ రెండు గడులుంటాయి: ఒకటి చదివినవారిది, ఒకటి సరిచూసినవారిది. ఆ రోజు తోటి ఆపరేటరు రాక, పంపమ్మ రెండు గడుల్లోనూ తన సంతకమే పెట్టేసింది. దాని మీద ఆయన తాఖీదు: చదివిన చెయ్యే సరిచూసినట్టు సంతకం పెట్టడం కుదరదు, ఎంత నిజాయితీపరులైనా సరే.

"ఆ మాట రాసింది మీరే సార్. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా నేను తప్పలేదు," అంది పంపమ్మ. "రీడింగుకే అంత పట్టింపు ఉంటే మనిషి ఉద్యోగానికి ఉండొద్దా?"

ఆయన మెమోను పక్కకు జరిపాడు. "రూలుబుక్కులో అలా లేదమ్మా."

"లేకపోతే మానె. మీరు ఒక్క లైను రాసివ్వండి. 'నేను వేసిన శిక్షను నేనే సరిచూడొచ్చు' అని రాసి సంతకం పెట్టండి. నేను నోరెత్తకుండా పోతాను."

ఆయన పెన్ను తీశాడు. కాగితం మీద ఆనించాడు. 'నేను వేసిన' దాకా రాశాడు. అక్కడ పెన్ను ఆగింది. మెమో వైపు ఒకసారి, రాసిన ముక్క వైపు ఒకసారి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, తనని తాను ఎప్పుడూ బయటనుంచి చూసుకోనివాడు. రాసింది కొట్టేసి, బెల్లు నొక్కి హెడ్‌క్లర్కును పిలిచి, "ఈ ఫైలు చీఫ్ ఇంజనీరుకు పంపించండి. ఇది నేను చూడకూడదు," అన్నాడు. పంపమ్మ మొహం చూడకుండానే అన్నాడు, అయినా అనడమంటూ అన్నాడు.

చీఫ్ ఇంజనీరు దగ్గరికి పిలుపు రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నాలుగు నెలలూ ఇసుక తొట్టెలే. 'సోమవారమే పంపు దగ్గర ఉండాల్సిందానివి' అని స్టేషన్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు. పంపమ్మ గొర్రు ఆపలేదు.

చీఫ్ ఇంజనీరు జుట్టు నెరిసిన ఆడమనిషి. ఫైలు ముందే చదివి వచ్చింది, అక్కడక్కడా పెన్సిలు గీతలున్నాయి. "కూర్చోండి. ఆ రోజు మూడు గంటల నుంచి చెప్పండి," అంది.

ఆరు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. పంపమ్మ చెప్పింది. ఆవిడ అడ్డు రాలేదు.

"ఆ బేరింగు విప్పిన రిపోర్టు ఇందులో లేదే?"

"అదెవరూ అడగలేదు మేడమ్."

ఆవిడ ఫోన్ తీసి మరమ్మతు షెడ్డుకు చేసింది. అవతల ఫోర్‌మన్ రిజిస్టరు తిరగేసి చదివాడు. ఆవిడ వింటూ రాసుకుని ఫోన్ పెట్టేసింది. "బేరింగు లోపలి లోహపు పొర కరగడం మొదలైందట. ఇంకో పావుగంట తిరిగితే షాఫ్టు పట్టేసేదట. అప్పుడు నాలుగు గంటలు కాదు, నాలుగు వారాలు."

పంపమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. లేకపోతే అక్కడే ఏడ్చేసేది.

"ఇప్పుడు ఇంకొకటి," అంది చీఫ్ ఇంజనీరు, అదే గొంతుతో. "కంట్రోల్ రూము ఎంగేజ్ అయితే రెండో నంబరుంది. దానికి చేశారా?"

"లేదు మేడమ్."

"ఎందుకని?"

అబద్ధానికి దారి బాగానే ఉంది. అదీ ఎంగేజ్ అంటే ఎవరు చూడొచ్చారు? "భయపడ్డాను," అంది పంపమ్మ. "చెయ్యి కాలింది, రెండో నంబరు గుర్తుకు రాలేదు. ఆపాక అయినా చెయ్యాల్సింది. చెయ్యలేదు. ముందే చెబితే ట్యాంకర్లు బయల్దేరేవి."

పది రోజులకు ఆర్డరు వచ్చింది. హెడ్‌క్లర్కు కళ్లజోడు తుడుచుకుని పైకి చదివాడు. హోదా తగ్గింపు రద్దు, పంపు ఆపడం సరైన పనే. రెండో నంబరుకు తెలియజేయనందుకు మాత్రం హెచ్చరిక, అది సర్వీసు రిజిస్టరులో ఉంటుంది.

"చూశావా?" అని తల కొట్టుకున్నాడాయన. "ఆ రోజు ఆయన మాట వినుంటే మచ్చ లేకుండా పోయేది. ఆరు నెలలు బురద పిసికి హెచ్చరిక ఒకటి తగిలించుకున్నావు. దీని మీద కూడా అప్పీలు చేసుకోవచ్చు, ఇదిగో, అడుగున రాశారు. రాస్తావా?"

పంపమ్మ కాగితం చేతిలోకి తీసుకుని హెచ్చరిక ఉన్న లైను రెండుసార్లు చదివింది.

"వద్దు బాబాయ్. ఇది నాదే," అంది. "పెన్నియ్యి."

అందినట్టు సంతకం పెట్టి, ఈ పూట షిఫ్టు ఎన్నింటికని అడిగింది.