కోళ్ల సంతల డిమాండ్ పాఠం

మొన్న సారపాక సంతల నాకు జరిగిన అన్యాయం వినుండ్రి. నవ్వినోళ్లే చాయ్ పైసలు కట్టాలె, ముందే చెప్తున్న.

మా హైస్కూలుకు ఇంటర్ జోడించినప్పటి నుంచి నేను ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ హెడ్‌ని కద. డిమాండ్ పెరిగితే రేటు ఎందుకు పెరుగుతదో ఎన్నిసార్లు బోర్డు మీద గీసినా పిల్లలు కునుకుతున్నరు. సరే, ప్రాక్టికల్‌గ చూపిస్తనని క్లాసు మొత్తాన్ని సంతకు తోలుకపోయిన.

అందుల నా పని గూడ ఉన్నది, దాచుడెందుకు. ఆ సాయంత్రం మా ఇంటామె వాళ్లన్న బోనకల్ నుంచి వస్తనని కార్డు రాసిండు. పోయినసారి కోడిగుడ్ల కూర పెట్టినమని మొహం మాడ్చుకొని పోయిండు, మళ్ల రెండేండ్లు మా గడప తొక్కలే. "ఈసారి నాటుకోడి లేకుంటే మీరు గూడ ఇంటికి రాకుండ్రి" అని మా ఇంటామె పొద్దుగాలనే చెప్పింది.

అందుకని పిల్లల్ని కోళ్ల రేటే అడగమన్న. కొనొద్దు, ఊకెనె అడిగి రమ్మన్న. యాడ అగ్గువనో తెలిస్తే ఆఖరికి నేను పోయి కొనుక్కోవచ్చు. హెడ్ అంటే గట్లుండాలె మరి.

ఏం లాభం! ఒక్కో గంప చుట్టు పిల్లలు మూగి ఒకటే అడుగుడు. ఆ గుంపును చూసి అమ్మేటోళ్లు రేటు పెంచిండ్రు. రేటు పెరుగుతున్నదని పక్కనున్న పేపర్ మిల్లు కాలనీవాళ్లు ఉరికొచ్చిండ్రు. ఇగ కోళ్లు దొరకవట అని ఎవడు పుట్టించిండో గని, వంకాయలకొచ్చినోడు గూడ కోడిని చంకల పెట్టుకొని పోతున్నడు. నేను అడ్డంపడి, అయ్యా, వీళ్లు కొనేటోళ్లు కాదు, ఇది పాఠం అని మొత్తుకున్న. ఎవరింటరు? అగ్గువకు కొట్టేద్దామని చూస్తున్ననని నన్నే కసిరిండ్రు. జరసేపట్ల గంపలన్ని ఖాళీ.

ఫస్ట్ బెంచి పిల్ల సంబురంగ వచ్చి, ఇయ్యాల మంచిగ అర్థమైంది సార్ అన్నది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇగ చేసేదేముంది, కోడిగుడ్లు కొనుక్కొని ఇంటికొచ్చిన.

మా ఇంటామె సంచిలకు తొంగిచూసింది. ఆమె నోరు తెరవకముందే వాకిట్ల కోడి అరిచింది. చూస్తే మా బావ, చంకల కోడి.

"బస్సు దిగంగనే చూసిన, సంతల కోళ్లకు జనం ఎగబడుతున్నరు. నువ్వెట్లాగు గుడ్లే తెస్తవని డబల్ రేటు పెట్టి ఆఖరి కోడిని నేనే కొన్న బావా" అన్నడు.

చూసిండ్రా? నా పాఠంతోని పెరిగిన రేటుకు, నా ఇంటి చుట్టం, తన కూర తనే కొనుక్కొచ్చుకున్నడు.

బావ కాళ్లు కడుక్కోను పోయినంక మా ఇంటామె మెల్లగ అడిగింది.

"మీ డిపార్ట్‌మెంటుల ఇంకెవరు లేరా, మిమ్మల్నే హెడ్‌ను చేసిండ్రు?"

నిజంగనే ఎవరు లేరు. డిపార్ట్‌మెంటంతా నేనొక్కన్నే.