బొబ్బట్టా, భక్ష్యమా

ఏలూరులో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికే రోజుల్లో, నేనూ ఇంకో ఏడెనిమిది మందీ కలిసి తెలుగును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటి చేసేవాళ్ళం. జీతం లేదు, యజమాని లేడు. ఎవరి ఊళ్ళో వాళ్ళుండి మెయిళ్ళలోనే మాట్లాడుకునేవాళ్ళం. కొత్త కూర్పు తయారైనప్పుడల్లా దానికో మిఠాయి పేరు పెట్టడం మా ఆనవాయితీ. అందరూ సరేనంటేనే పేరు, పేరు పెట్టాకే విడుదల. అప్పటిదాకా తెరమీద ‘బీటా’ అని ఉండేది.

ఆ బీటాని మాకోసం వాడి చూసింది కొల్లేటి ఊళ్ళో సోషల్ చెప్పే ఒక మాస్టారు. ఆయనకి చూపు తగ్గిపోతోంది. పుస్తకం ముక్కుకి ఆనించుకున్నా అక్షరాలు అలుక్కుపోయేవి. మే నెలలో, వాళ్ళావిడ టైపు చేసిపెట్టిన తొమ్మిదో తరగతి పాఠాన్ని మా బీటాతో విని, చర్చి వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని గడగడా చెప్పేశారు. నేనక్కడే ఉన్నాను. నేను చేసిన పని ఒకటి పనికొచ్చిందని నాకు మొదటిసారి అనిపించింది.

దీంతో విని పాఠాలు చెప్తానంటే ఆయన పై ఆఫీసులో మాత్రం ఒప్పుకోలేదు. బీటా అంటే ఇంకా తయారవ్వనిదేగా అన్నారట. జూన్ నెలాఖరులోగా పూర్తయిన కూర్పు చూపించాలి, లేదా ఆరోగ్యం బాగోలేదని రాసిచ్చి ఉద్యోగం వదులుకోవాలి. మాస్టారు నా దగ్గర ఒక మాట తీసుకున్నారు.

“నా కళ్ళ సంగతి మీవాళ్ళకి రాయకండి. జాలిపడి చేసినట్టుంటుందండి.”

ఆ కూర్పుకి నేను బొబ్బట్టు అని పేరు రాశాను. మాలో కర్నూలు ఆయన భక్ష్యం అన్నాడు. అనంతపురం ఆయన ఓళిగ అన్నాడు. ఏ ఊళ్ళో అయినా పూర్ణం పెట్టి పెనం మీద కాల్చేదే కదా. అయినా నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మా వైపు పేరు ఎందుకు వదులుకోవాలని మూడు వారాలు బారెడు మెయిళ్ళు రాశాను. తీరా గడువు ముంచుకొచ్చాక సిగ్గేసి, భక్ష్యమే కానివ్వండి అన్నాను. అబ్బే, మీరన్నదే ఖాయం చెయ్యండి అన్నాడు కర్నూలు ఆయన. మీరంటే మీరని మర్యాదల్లో ఇంకో వారం పోయింది.

అంతలో ఆషాఢం వచ్చింది. విడుదల చేసే సైటు పాస్‌వర్డు మాలో తాడేపల్లిగూడెంలో ఉండే పెద్దాయన దగ్గర ఉంది. శూన్యమాసంలో కొత్త పని వద్దు, శ్రావణంలో వదులుదాం అని ఆయన రాశారు. అందరూ అలాగేనండి అన్నారు. నేను ఫోన్ చేసి బతిమాలాను.

“అంత తొందర దేనికండీ?” అన్నారాయన.

మాస్టారి సంగతి నోటిదాకా వచ్చింది. మాటిచ్చాను కదా, చెప్పలేకపోయాను. “ఏం లేదండి, ఊరికేనండి,” అని ఫోన్ పెట్టేశాను. ఏం చెయ్యాలో తోచక ఆ రోజు క్లాసులు కూడా మానేశాను.

శ్రావణంలో మొదటి శుక్రవారం విడుదలైంది, బొబ్బట్టు పేరుతోనే. సీడీ పట్టుకుని బస్సెక్కి కొల్లేటికి వెళ్ళాను. మాస్టారు నెల కిందటే రాజీనామా మీద సంతకం పెట్టేశారు. ఆ మాట మామూలుగా చెప్పి, నాకు టీ ఇప్పించి, సీడీ పెట్టమన్నారు. ఆ తొమ్మిదో తరగతి పాఠమే సగం దాకా విన్నారు.

“గొంతు అదే కదండీ?”

“అదేనండి.”

“మరి కొత్తగా ఏం చేశారండి ఇందులో?”

అబద్ధం చెబుదామనుకున్నాను. “ఏమీ లేదండి. పేరు పెట్టాం,” అన్నాను.

నేను ఆపబోయాను. ఆపద్దు, ఉండనివ్వండి అన్నారాయన. చెప్పడానికి క్లాసు లేకపోయినా, పాఠం చివరిదాకా విన్నారు.