గిడసబారిన జాతి

మార్కాపురంలో ఒక పలకల వ్యాపారి దగ్గర నేను ఉత్తరాలు రాసే గుమాస్తాగా ఉండేవాణ్ణి. బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతాదంతా పఠనమందిరంలో, నిఘంటువు పక్కన పెట్టుకుని, నేనే సంపాదించుకున్నాను. ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగానంటే అది ఆ మందిరం చలవే. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటం లేదు.

మా వ్యాపారి మద్రాసు నుంచి ఒక ఆడకుక్కను తెచ్చాడు. రెండు అరచేతుల్లో ఇమిడేది. కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. తల నిమిరితే నడినెత్తిన ఎముక లేక వేలికి మెత్తగా తగిలేది, పసిబిడ్డ మాడులాగా. బిడ్డలకైతే ఏడాదిన్నరకు పూడుతుంది. దీనికి మూడేళ్లొచ్చినా పూడలేదు. చూడవచ్చిన వాళ్లందరూ "జాతి కుక్క" అని ముక్కున వేలేసుకునేవాళ్లు.

మొదటి ఈత నా కళ్ల ముందే జరిగింది. తిండి తగ్గిస్తే పిల్లలు ఇంకా చిన్నవి పుడతాయని, అది చూలుతో ఉన్నన్నాళ్లూ ఆయన సగం పాలే పోయించాడు. ఈనలేక ఒక పగలంతా తన్నుకుంది. మూడు పిల్లల్లో ఒకటే బతికింది. తర్వాత నాలుగు రోజులకు తల్లికి కాళ్లు బిగుసుకుపోయి ఒళ్లంతా వణుకు పట్టింది. వ్యాపారి భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను పఠనమందిరానికి పరుగెత్తి పశువైద్యం పుస్తకం తిరగేశాను. తల్లి ఒంట్లోని సున్నం పాలలో పోతే ఇలా అవుతుందని, మరీ చిన్న కుక్కలకు ప్రమాదం ఎక్కువని అందులో ఉంది. పిల్లను వేరు చేయించి మేకపాలు పట్టించాను. తల్లి ఎలాగో నిలిచింది.

ఆ పిల్ల మగది, తల్లికన్నా చిన్నది. గిద్దలూరులో అడవిశాఖ రేంజరు ఒకాయన ముచ్చటపడి తీసుకుపోయాడు. ఏడాది తిరగ్గానే మా వ్యాపారి నన్ను పిలిచాడు.

"రేంజరు దొరకు ఉత్తరం రాయి. ఆ మగదాన్ని నాలుగు రోజులు పంపమను. దీన్ని దాటిస్తాం. ఈ తూరి పుట్టేవి జేబులో పడతాయి."

"అది దీని కొడుకయ్యా."

"కుక్కలకు వావివరసలేందిరా?"

ఆ రోజు మా నాయన నన్ను చూడ్డానికి తర్లుపాడు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బతుకంతా గొర్రెలు మేపినవాడు. కుక్కను ఎత్తి, నడుము తడిమి, కింద పెట్టాడు.

"గిడస గదయ్యా ఇది."

"గిడస కాదు పెద్దాయనా, జాతి."

"మా మందలో ఇట్లాంటిది పుడితే పొట్టేలు దగ్గరికి పోనియ్యం. పిల్ల అడ్డం పడి తల్లి చస్తాది. గిడసకు గిడసను కట్టి, అందులోనూ తల్లికి బిడ్డను కట్టి, ఏం పుట్టిస్తావు సామీ, ఎలకనా?"

నాకు సిగ్గేసింది. నేను ఇంగ్లీషులో కూడబలుక్కుని తెలుసుకున్నదంతా ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. చేను గిడసబారితే తల పట్టుకునే ఊళ్లవాళ్లం, కుక్క గిడసబారితే దానికి జాతి అని పేరు పెట్టాం. నేనూ పెట్టాను.

ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. వ్యాపారికి ఇంగ్లీషు రాదు, సంతకం మాత్రం చేస్తాడు. ఆయనకు తెలియకుండా ఏమైనా రాసి పంపవచ్చు. ఆ దొంగపని నాకు అక్కర్లేదనిపించింది. రాసింది తెలుగులో చదివి వినిపించాను: ఈ కుక్క మళ్లీ ఈనితే బతకదు, మీ దగ్గరున్నది దీని కొడుకే, దయచేసి పంపవద్దు.

"నేను చెప్పిందేంది, నువ్వు రాసిందేంది?"

"మీరు చెప్పింది నా చేత్తో రాయలేనయ్యా."

"నాలుగు పుస్తకాలు చదివి నాకే నీతులు చెప్పేవాడివైనావా? ఇంకొకడితో రాయించుకోలేననుకుంటివా?"

"రాయించుకోండి. ఇది మాత్రం నా పేరు పెట్టి నేను పంపుతా."

అన్నట్టే పంపాను. సాయంత్రానికి నా ఉద్యోగం పోయింది. ఆయన వేరేవాడితో రాయించిన ఉత్తరమూ గిద్దలూరు వెళ్లింది. రేంజరు దేన్ని నమ్మాడో నాకు తెలియదు గానీ, మగకుక్క మాత్రం రాలేదు.

"కుక్క పురుడు కోసం కూడు పోగొట్టుకున్నావంట గదబ్బా," అని వీధిలో ఒకాయన నవ్వాడు.

"అవును మామా, పోగొట్టుకున్నా. నీకేమన్నా నష్టమా?"

ఆ కుక్క ఇంకో నాలుగేళ్లు బతికింది. మళ్లీ ఈనలేదు.