జనానాలో ఒక ఆమెన్

మా నాయనకు రావలసిన పెద్దరికం నేను అన్న ఒకే ఒక్క మాటతో మూసీలో కలిసిపోబోయింది. ఆ మాట బూతు కాదు, తిట్టు కాదు. మందిరంలో అంటే అందరూ మెచ్చుకునే మాట. అన్నచోటే బాగాలేదు. చెబుతాను వినండి. మధ్యలో నవ్వకండి, నవ్వితే నాకు వరుస తప్పుతుంది.

అవి నైజాం రాజ్యం రోజులు. అమీర్‌పేటలో జామతోటలు, పంజాగుట్ట వైపు బండరాళ్లు, నక్కలు, వీటి మధ్య మేము. నాయన బేగంపేటలో ఒక నవాబుగారి తోటలో పెద్ద మాలీ. గులాబీలకు అంట్లు కడుతూ నాటకం పద్యాలు తీసేవాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే అదే రాగం మీద కీర్తన అందుకునేవాడు. ఎందుకంటే మా సంఘంలో నాటకం చూడటమంటే కల్లు దుకాణానికి పోవడం కంటే ఒక మెట్టు కింద. ఆ మెట్లు కట్టింది దీనమ్మత్త.

దీనమ్మత్త మాకు చుట్టం కాదు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిలమ్మ. పేరుకే దీనమ్మ, గొంతు మాత్రం మందిరం గంటకు అక్క. "నాటకం చూసిన కండ్లకు పరలోకం కానరాదు" అని వేలెత్తి చెప్పేది. ఆమె కాదన్న మనిషిని మా మందిరం అయ్యగారు కూడా ఔననేవారు కాదు. వచ్చే ఆదివారం నాయనను సంఘ పెద్దగా నిలబెట్టాలని అనుకుంటున్నారు. సంతకం కూడా రాని మాలీకి పెద్దల బెంచీ మీద చోటు. ఆ బెంచీ గురించి నాయన నిద్రలో కూడా మాట్లాడేవాడు.

సరిగ్గా ఆ వారమే నవాబుగారి మున్షీ నాయన చేతిలో నాటకం పాసులు పెట్టాడు. సుల్తాన్ బజార్ పక్కన, పగటి ఆట.

"పెద్దనయినంక ఎట్లయినా చూడరాదు. గీ ఒక్కపారి చూసొద్దాం" అన్నాడు నాయన. ఉపవాసం రేపనగా ఇవాళ కడుపు పగిలేలా తినేవాడి న్యాయం. వచ్చేటప్పుడు ఖైరతాబాద్‌లో బిర్యానీ తినిపిస్తానని కూడా అన్నాడు. వద్దనడానికి నోరు తెరిచిన అమ్మ బిర్యానీ మాట విని మూసుకుంది. చుట్టుపక్కల వాళ్లకు దవాఖానకు పోతున్నామని చెప్పి టాంగా ఎక్కాం. పట్టుచీర కట్టుకొని దవాఖానకు పోయేవాళ్లను మీరెక్కడైనా చూశారా? మా వాడకట్టు చూసింది.

నాటకశాలలో మగవాళ్లది ఒక పక్క, ఆడవాళ్లకు పరదా కట్టిన జనానా ఒక పక్క. నాయన అటు పోయాడు. ఇటు నాకు ఎడమవైపు అమ్మ, కుడివైపు నల్ల బురఖాలో ఒక పెద్ద ఆకారం. జనానాలోకి రాగానే బురఖాల వాళ్లంతా ముసుగులు పైకెత్తి హాయిగా గాలి పీల్చుకున్నారు. ఈవిడ మాత్రం ఎత్తలేదు. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను.

తెర వెనక హార్మోనియం మోగింది. అంతే, అమ్మా నేనూ లేచి నిలబడ్డాం. మందిరంలో పెట్టె మోగితే లేవడమే మాకు తెలిసింది. వెనకనుంచి ఎవరో "కూసో బిడ్డా, నీ జడ చూడనీకి వచ్చినమా?" అంటే కూలబడ్డాం. నా పక్కనున్న బురఖా కూడా సగం లేచి, కుచ్చిళ్లు సర్దుకున్నట్టు చేసి కూర్చుంది. అది చూసి కూడా నేను చూడలేదు. చదువు లేకపోతే పోయె, కళ్లయినా పనిచేయాలి కదా.

సగం ఆటకు తెర పడింది. నోట్లో నువ్వుగింజ నానదంటారు కొందరికి. నా నోట్లో గుమ్మడికాయ వేసినా నానదు. పల్లీల పొట్లం విప్పి, "తీసుకోండి ఖాలా" అని ఉర్దూలో పిన్నమ్మ వరుస కలిపాను. బురఖాలోంచి ఒక చేయి వచ్చి గుప్పెడు పట్టుకొని లోపలికి పోయింది. పల్లీలు తిన్న మనిషి మన మనిషే కదా అని మొదలుపెట్టాను. మేం దొంగతనంగా వచ్చామని చెప్పాను. దవాఖాన సంగతి చెప్పాను. పెద్దల బెంచీ సంగతి చెప్పాను.

"మా కాడ దీనమ్మ అని ఒకామె ఉన్నది ఖాలా. ఆమెకు ఎరుకయిందో, మా నాయన పెద్దరికం ఖతం."

అక్కడితో ఆగినా బాగుండేది. గడ్డం పైకెత్తి, వేలు ఊపి, పరలోకం మాటను దీనమ్మత్త గొంతుతోనే చెప్పి చూపించాను. బురఖా అటూ ఇటూ కదిలింది. లోపల పొట్ట పట్టుకొని నవ్వుతోందనుకొని దీనమ్మత్త నడక కూడా చేశాను. కూర్చొని నడక ఎలా చేస్తారంటారా? భుజాలతో. బాతు చెరువుకు పోతున్నట్టు.

మళ్లీ తెర లేచింది. అడవికి పోతున్న రాజునూ రాణినీ ఒక ముని దీవించే ఘట్టం. తెల్లని గడ్డం, పొడుగాటి చొక్కా. ముని రెండు చేతులూ ఎత్తి కళ్లు మూశాడు. "మీకు అరణ్యమే అంతఃపురమగును గాక. మీ వంశము వర్ధిల్లును గాక. సకల శుభములు సర్వకాలము మీకు తోడై యుండును గాక."

మా అయ్యగారు ఆదివారం ఆరాధన చివర ఇచ్చే దీవెన కూడా ఇలాగే చేతులెత్తి, ఇలాగే గాక మీద గాకగా నడుస్తుంది. చివరి గాకకు సంఘమంతా ఒక మాట అనాలి. నాకు మాటలు వచ్చిన నాటి నుంచి అంటున్న మాట. హాలంతా ఊపిరి బిగబట్టి ఉంది. నేను తల వంచి, కళ్లు మూసి, బొడ్డు దగ్గరనుంచి తీసి అన్నాను, "ఆమెన్."

నా ఆమెన్ ఇంకా గాలిలో ఉండగానే, నా కుడి చెవి పక్కన, నల్లగుడ్డలోంచి, మందిరం గంటకు అక్కలాంటి గొంతు పలికింది. "ఆమెన్."

ముని ఎత్తిన చేతులు దించడం మరిచాడు. హార్మోనియం ఒకే మెట్టు మీద కుయ్యోమంటూ ఉండిపోయింది. పరదా అవతల ఎవరికో పొలమారింది, అది నాయన దగ్గు. గోడలకు చెవులుంటాయని విన్నాను గాని, బురఖాలకు ఉంటాయని ఎవరూ చెప్పలేదు. ఆ ఆకారం లేచి, బాతు చెరువుకు పోతున్నట్టు నడుస్తూ బయటికి పోయింది. నా పల్లీల పొట్లం కూడా పోయింది.

ఆ గొంతు ఎవరిదో అమ్మ కూడా పట్టింది. "మీ నాయనకు చెప్పకు. బిర్యానీ అన్నా నిమ్మలంగ తిననియ్యి" అంది.

టాంగాలో నాయన మంచి హుషారుగా ఉన్నాడు. నీ ఆమెన్‌కు ఇంకో ఆమెన్ పలికినట్టుందే అని నన్ను ఆటపట్టించాడు. హాలు పెద్దది కదా, తిరిగి వినబడిందని అమ్మ అంది. నాయన నమ్మాడు. ఆ అమాయకుణ్ణి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

పొద్దు వాలే వేళకు ఖైరతాబాద్ హోటల్ చేరాం. మా దారిలో ఆడవాళ్లకు చాటున్న హోటల్ అదొక్కటే. చెక్కలు అడ్డం పెట్టిన గదులు, ముందు పరదాలు. పొగలు కక్కుతూ బిర్యానీ వచ్చింది. ఎంత ఆకలైనా ప్రార్థన లేకుండా నాయన ముద్ద ముట్టడు. తల వంచి, పక్కవాళ్లకు వినబడకూడదని గుసగుసగా చేసి ముగించాడు. ఈసారి నేను పెదవులు బిగించాను. అమ్మ కూడా బిగించింది.

చెక్క అవతలనుంచి వచ్చింది, నోట్లో ముద్ద ఉన్న గొంతుతో. "ఆమెన్."

నాయన లేచి వెళ్లి పక్క పరదా ఎత్తాడు. ముసుగు నెత్తిమీదికి తోసుకొని, మణికట్టు దాకా బిర్యానీలో ఉన్న చేత్తో, ఒక మాంసం బొక్క పట్టుకొని దీనమ్మత్త. పళ్లెం పక్కన నా పల్లీల పొట్లం. ఎవరు ఎవరిని పట్టుకున్నారో దేవునికే తెలియాలి. దీనమ్మత్తే ముందు తేరుకుంది.

"మన సంఘపోళ్లు ఎవలెవలు చెడిపోతున్నరో చూసి పోదామని వచ్చిన."

నాయన చేతులు కట్టుకున్నాడు. "మేం సుత గందుకే వచ్చినం, అమ్మా."

దీనమ్మత్త ముందు ఏనాడూ తలెత్తని మా అమ్మ నెమ్మదిగా అడిగింది. "అత్తా, కండ్లు మంచిగనే కానొస్తున్నయా?"

దీనమ్మత్త బొక్క పళ్లెంలో పెట్టి, వేలు నా వైపు చూపింది. "గీ పోరి నా నడక మంచిగ చేస్తది" అంది. నేను బల్ల కింద చోటు వెతుక్కుంటుండగా జరిగి కూర్చుంది. "నిలవడ్డరేంది? కూసోండ్రి. సల్లారుతది."

ఆదివారం వచ్చింది. నాయన గంజి పెట్టిన అంగీలో కొయ్యలా నిలబడ్డాడు. ఎవరికైనా అభ్యంతరముందా అని అయ్యగారు అడిగారు. దీనమ్మత్త లేచింది. అమ్మ నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగేలా.

"ఏడికి వోయినా ప్రార్థన మరువని ఇల్లిది. నా కండ్లతోటి చూసిన."

సంఘమంతా ఆమెన్ అంది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం ఉంది కనుక, ఆ రోజు మందిరంలోనే మోకాళ్ల మీద తీర్మానం చేసుకున్నాను. చేతులెత్తినది ఎవరో, ఆయన గడ్డం మొలిచినదో అతికించినదో, నా పక్కన కూర్చున్నది ఎవరో తేలితే తప్ప ఈ జన్మలో ఆమెన్ అనను. ఇప్పటికీ అందరి ఆమెన్లూ అయిపోయాక నాది ఒక్కటే వినబడుతుంది. ముసలిది కునికిందని పిల్లలు నవ్వుతారు. కునుకు కాదు నాయనా, గడ్డం చూస్తున్నాను.