తప్పు పట్టని చెవి

మహబూబాబాద్ అంగడిలో వేర్లు, మూలికలు అమ్మే ఒకామె బుట్ట పక్కనుంచి నడుస్తుంటే వస కొమ్ము ఘాటు ముక్కుకు తగిలింది. దాన్ని తాకనైనా తాకలేదు. అయినా నాలుక చివర చేదు ఊరింది, చెవులు వేడెక్కాయి. నాలుగో తరగతిలో నిండు బడిలో పడిన సిగ్గు ఇన్నేళ్ళకూ అక్కడే ఉంది. దానితోపాటే ప్రమీల టీచర్ కూడా.

మాది నర్మెట్ట. ఆమె రాకముందు మా తరగతిలో పాఠాన్ని అందరం కలిసి అరుస్తూ చదివేవాళ్ళం. ఆ గోలలో నేను పెదవులు కదిపేదాన్ని, పక్కవాళ్ళ మాటల తోకలు పట్టుకునేదాన్ని. అక్షరాలన్నీ వచ్చు, వాటిని కలిపి వాక్యంగా పలకడమే రాదు. భూపాలపల్లి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ప్రమీల టీచర్ వస్తూనే ఆ గుంపు చదువు మాన్పించి ఒక్కొక్కరినీ నిలబెట్టారు. నా వంతు వచ్చింది. బావిలోంచి నీళ్ళు చేదినట్టు ఒక్కో అక్షరాన్నీ పైకి లాగుతుంటే వెనక బెంచీలో ఒకడు, "టీచర్, ఇది వాక్యం అయిపోగొట్టేసరికి మనకు ఎండకాలం సెలవులొస్తయ్" అన్నాడు. తరగతంతా నవ్వింది.

సంగతి అవ్వకు తెలిసింది. అమ్మానాయిన కూలికి పోతే నన్ను సాకింది ఆమే. మర్నాడు కొంగున వస కొమ్ము ముడేసుకుని నేరుగా తరగతిలోకి వచ్చింది.

"టీచరమ్మా, దీని నాలిక మొద్దువారింది. సదువుకున్న చెయ్యి మీది. జర మీరే రుద్దుర్రి."

నేను పుస్తకం వెనక ముఖం దాచుకున్నాను. టీచర్ నవ్వలేదు, కొమ్మూ అందుకోలేదు.

"అవ్వా, నాకు దీని మీద నమ్మకం లేదు. పిల్ల నాలిక మంచిగనే ఉన్నది. అలవాటు లేదు, గంతే. రోజు పొద్దుమీకినంక నీ పక్కన కూసోని ఒక్కటే కథ సదువుతది. వింటవా?"

"నాకు అక్షరం ముక్క రాదు బిడ్డా. తప్పు సదివితే ఎట్ల పట్టాలె?"

"అందుకే నిన్ను అడుగుతున్న. తప్పు పట్టెటోళ్ళు ఈడ శానమంది ఉన్నరు."

బడిలో టీచర్ నా పక్కన కూర్చుని నాతోపాటు అదే వాక్యం చదివేవారు. మొదట్లో ఆమె గొంతు ముందు నడిచేది, నాది వెనక. పోనుపోను తన గొంతు తగ్గించుకుంటూ వచ్చారు. ఒక మధ్యాహ్నం పేజీ చివర తలెత్తి చూస్తే ఆమె పెదవులు మూసి ఉన్నాయి. ఎక్కడ ఆగిపోయారో నాకు తెలియనే లేదు. ఇంట్లో అవ్వ ముందుగా నా నాలుకకు తానే వస రుద్దేది. తర్వాత చేటలో బియ్యం ఏరుకుంటూ, "ఆఁ, మేకపిల్ల వాగు దాటిందా మల్ల?" అనేది. నిన్న విన్న కథే. అయినా ఆమెకు తెలుసుకోవాలనే ఉండేది. ఆమె కోసం ఆ మేకపిల్లను తొందరగా దాటించాలని నేను పరుగు పెట్టేదాన్ని.

తల్లిదండ్రులను పిలిచిన రోజు చదవడానికి టీచర్ నన్నే లేపారు. సగంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. టీచర్ అందించలేదు. అంతలో గోడవారన కూర్చున్న అవ్వ, "వాగు పొంగింది బిడ్డా, వాగు!" అని అరిచింది. గది గొల్లుమంది. "అవ్వా, నీ వంతు రేపు" అన్నారు టీచర్. నవ్వులు సద్దుమణిగాక చివరిదాకా చదివేశాను. అవ్వ మాత్రం తను రుద్దిన వస పనిజేసిందని వాడంతా చెప్పుకుంది.

పెద్దయ్యాక నేను మూఢనమ్మకాలను ఖండించే వాదాల్లో పడ్డాను. జనగామ సభల్లో తాయెత్తుల మీద, బాణామతి మీద మాట్లాడాను. వస మీద వ్యాసం రాశాను. వస చదివించదు, చదివించేది మనిషి. ఈ మాట ఎక్కడైనా నిలబడి అంటాను.

ఉద్యోగ విరమణ తర్వాత భూపాలపల్లిలో ఉంటున్న టీచర్‌ను పోయిన ఏడు చూడబోయాను. ఆమెకు చూపు మందగించింది. "ఏవో రాస్తున్నవట గద, సదువు. వింట" అన్నారు. ఆ వ్యాసమే తీశాను. అందులో అవ్వ లేదు, 'ఒక నిరక్షరాస్య వృద్ధురాలు' ఉంది. వేదిక మీద చదివినట్టే గొంతు పెంచి, చప్పట్లు పడే చోటల్లా ఆగుతూ చదివాను.



"ఒక్క అక్షరం తప్పు పోలేదు" అన్నారు టీచర్. "గని గిది అవ్వ ముందట సదువుతవా?"

"అవ్వ పోయింది కద టీచర్."

"ఉన్నదనుకోని సదువు."

మళ్ళీ మొదలుపెట్టాను. 'నిరక్షరాస్య వృద్ధురాలు' దగ్గర ఆగిపోయాను.

ఇప్పుడు ఏది రాసినా అచ్చుకు పంపేముందు పైకి చదువుకుంటాను. ఎవరి గురించి రాశానో ఆ మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నట్టు చదువుతాను. గొంతు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అక్కడ సిగ్గుపడి, దిద్దుకుని, ముందుకు పోతాను. వస మీది వ్యాసాన్ని మాత్రం, అవ్వ ఎదురుగా ఉందనుకుని ఇంతవరకూ చివరిదాకా చదవలేకపోయాను.